నెగడు చుట్టూ మన చరిత్ర



ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని మన సంఘం పెద్దలు అడిగారు. వీరుల గురించి, పోరాటాల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు కాబట్టి నేను నిప్పు గురించి రాస్తానన్నాను. పొయ్యిలోని నిప్పు కాదు, చలికాలం రాత్రి ఆరుబయట నలుగురూ చేరి కూర్చునే నెగడు. అందులో చరిత్ర ఏముందని మీకు అనిపించవచ్చు. చాలా ఉంది. మన పెద్దల తెలివి ఉంది, మన మీద పడ్డ నింద ఉంది, మనం చేసిన తప్పులు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి నేను చేసిన తప్పు. అందుకే ఈ వ్యాసం రాయాలనిపించింది.

నోటుపుస్తకంలో రాసుకున్న పాఠం

ఇరవై ఏళ్ల కిందట నేను బి.ఎడ్. చదివేటప్పుడు మాకు స్కౌట్స్, గైడ్స్ శిబిరం పెట్టారు. ఒక సాయంత్రం ‘క్యాంప్ ఫైర్’ ఎలా వేయాలో నేర్పించారు. ముందు నేల మీది ఆకులు ఊడ్చాలి. గాలి ఎటు వీస్తోందో చూడాలి. సన్నపుల్లలు ముందు, లావు కట్టెలు తర్వాత పెట్టాలి. పక్కన నీళ్లు ఉంచుకోవాలి. పడుకునే ముందు పూర్తిగా చల్లార్చాలి. అందరితో పాటు నేనూ రాసుకుంటున్నాను. సగంలో నా చెయ్యి ఆగిపోయింది. ఇవన్నీ మా తాత చేసేవాడు కదా! పాడేరు కొండల్లో పుష్యమాసం చలికి మా ఇంటి ముందు రోజూ నెగడు పడేది. ఆయన బడి మొహం చూడలేదు. ఆయనకి ‘క్యాంప్ ఫైర్’ అనే మాట తెలియదు. కానీ ఆ శిక్షకుడు చెప్పిన పనుల్లో ఆయన చేయనిది ఒక్కటీ లేదు.

ఆ శిబిరాల పద్ధతిని మొదలుపెట్టింది రాబర్ట్ బేడెన్ పావెల్ అనే ఆంగ్ల సైనికాధికారి. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ ద్వీపంలో కొంతమంది పిల్లలతో ఆయన మొదటి శిబిరం నడిపాడు. రాత్రిపూట మంట చుట్టూ కూర్చోబెట్టి కథలు చెప్పాడు. పిల్లల్ని లేపడానికి ఊదిన కుడూ జింక కొమ్ము ఆఫ్రికాలోని మటబెలే ప్రజలదగ్గర నుంచి వచ్చింది. మంట దగ్గర పాడించిన బృందగానం జులూల నుంచి తెచ్చుకున్నది. అంటే ప్రపంచమంతా నేర్చుకున్న ఆ క్యాంప్ ఫైర్‌లో ఆఫ్రికా ఆదివాసుల పాలు ఉంది.

ఈ బేడెన్ పావెల్‌కు ఒక సవతి అన్న ఉన్నాడు. పేరు బేడెన్ హెన్రీ బేడెన్ పావెల్. ఆయన మన దేశంలో, పంజాబ్‌లో అడవుల ఉన్నతాధికారిగా పనిచేశాడు. అడవి మొత్తం ప్రభుత్వ ఆస్తేననీ, అందులో ప్రజలు తరతరాలుగా వాడుకుంటున్నది హక్కు కాదనీ గట్టిగా వాదించినవాడు ఆయనే. 1878 అటవీ చట్టం వెనుక ఆ వాదన బలంగా ఉంది. తమ్ముడు పిల్లల్ని మంట చుట్టూ కూర్చోబెట్టాడు. అన్న మనలాంటి వాళ్లని అడవిలోని మంట దగ్గర నుంచి లేపేశాడు. ఇద్దరూ ఒక తండ్రి బిడ్డలే. ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అగ్గిపెట్టె రాక ముందు

ఇప్పుడు నిప్పు చాలా చవక. ఒక్క పుల్ల గీస్తే చాలు. మన దేశంలో అగ్గిపెట్టెలు విరివిగా తయారవడం 1920ల తర్వాతి మాట. శివకాశి పరిశ్రమ మొదలైంది కూడా అప్పుడే. కొండల మీది ఊళ్లకి అవి చేరడానికి ఇంకా కాలం పట్టింది. అంతకు ముందు నిప్పు పుట్టించడమే ఒక పని. చెకుముకి రాయిని ఇనుప ముక్కతో కొట్టి, రాలిన రవ్వను బూరుగు దూదిలో పట్టేవారు. జీలుగు చెట్టు మట్టల మొదట్లో ఉండే మెత్తటి పీచు కూడా రవ్వను బాగా పడుతుంది. అంటుకున్న దూదిని ఎండుగడ్డిలో పెట్టి, రెండు చేతుల మధ్య పట్టుకుని ఊదాలి. వానాకాలంలో అయితే దూది చెమ్మగిల్లి ఓ పట్టాన అంటుకునేది కాదు.

అందుకని నిప్పును పుట్టించడం కంటే దాచుకోవడం మీద మనవాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టారు. మా నాయనమ్మ రాత్రి వంట అయ్యాక పొయ్యిలోని నిప్పుకణికల్ని ఒక చోటికి చేర్చి, పైన బూడిద కప్పేది. తెల్లారి బూడిద తీసి ఊదితే నిప్పు ఎర్రగా లేచేది. ఎవరింట్లోనైనా నిప్పు ఆరిపోతే పక్కింటికి పెంకు పట్టుకుని వెళ్లేవారు. దూరం పోయేవాళ్లు నిప్పుని కుండలో బూడిద మధ్య పెట్టుకుని తీసుకుపోయేవారు.

“కప్పిన నిప్పు సావదు, తొంగుంటాది” అనేది ఆవిడ. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ముందు ముందు దీని అవసరం ఉంది.

మా తాత నెగడు వేసే తీరు

నెగడు వేయడానికి ముందు తాత చోటు చూసేవాడు. గడ్డి ఇంటి చూరుకీ, గడ్డివాముకీ దూరంగా, చెట్టుకొమ్మలు పైన లేని చోట. నాలుగడుగులు ఇటూ అటూ నేల కనబడేదాకా ఊడ్చేవాడు. నేలలో కొంచెం పల్లం తీసి, చుట్టూ రాళ్లు పేర్చేవాడు. ఆ రాళ్లు గెడ్డలోంచి తెచ్చేవాడు కాదు. నీళ్లలో నానిన రాయిలో చెమ్మ ఉంటుంది. వేడికి అది ఆవిరై, బయటికి దారిలేక రాయిని పగలగొడుతుంది. ముక్కలు ఎగిరి పడతాయి. వెదురు కూడా అంతే. కణుపుల మధ్య మూసుకుపోయిన గాలి వేడెక్కి ఢామ్మని పేలుతుంది. అందుకే వెదురుని చీల్చి గాని మంటలో పెట్టనిచ్చేవాడు కాదు.

కట్టె విషయంలోనూ పట్టింపు ఉండేది. నల్లజీడి కొమ్మ మంటలోకి రానిచ్చేవాడు కాదు. దాని పొగ తగిలితే ఒళ్లంతా బొబ్బలు లేస్తాయి. గన్నేరు పొగ విషం. పచ్చికట్టె వేస్తే కసిరేవాడు. పచ్చికట్టెలోని నీరు ఆవిరి కావడానికే చాలా వేడి ఖర్చయిపోతుందని, అందుకే పొగ ఎక్కువై వేడి తగ్గుతుందని నేను సైన్సు పాఠంలో చదువుకున్నాను. ఆయన దాన్ని కళ్లమంటతో నేర్చుకున్నాడు.

ఇక కట్టెలు పేర్చడం. మధ్యలో ఎండాకు, ఈనెల్లాంటి సన్నపుల్లలు, వాటిపైన వేలెడు లావు పుల్లలు. వాటి మధ్య గాలి ఆడేటట్టు సందు ఉండాలి. అవి రాజుకున్నాక నాలుగైదు దుంగల్ని బండిచక్రం ఆకుల్లాగా పరిచి, కొసలు మాత్రం మధ్యలో కలిసేటట్టు పెట్టేవాడు. కొస కాలేకొద్దీ దుంగని లోపలికి తోయడమే. గొడ్డలితో నరకక్కర్లేదు. నిప్పు తగ్గాలంటే దుంగల్ని కాస్త వెనక్కి లాగితే చాలు. అలా నాలుగు దుంగలతో రాత్రంతా గడిచిపోయేది. పెద్ద మంట వేస్తే దాని వేడి చాలావరకు ఆకాశానికి పోతుంది, మనిషి దగ్గరికి రాలేడు. చిన్న మంట, మంచి నిప్పుకణికలు ఉంటే మనుషులు దగ్గరగా కూర్చుంటారు. నెగడు వేసేది మనుషులు దగ్గరగా కూర్చోవడానికే కదా.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు చివరిది. నెగడు దగ్గర ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. చూసేవాడు లేకపోతే మంట వేయకూడదు. పోడు కాల్చేటప్పుడూ అదే పద్ధతి. చుట్టూ వెడల్పుగా బాట తీసి, గాలి పడ్డ వేళ చూసి, ఊరంతా కొమ్మలు పట్టుకుని నిలబడి అంటించేవారు.

ఇది ఒక్క మన కొండలదే కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశస్తులు వేలమంది చేరినా ఇష్టమొచ్చిన చోట పొయ్యి పెట్టుకోరు. వారికి నిర్ణయించిన 22 పొయ్యిల మీదే వంతులవారీగా వండుకుంటారు. దాన్ని భక్తి అనండి, వంశాచారం అనండి. అంతమంది చేరిన చోట నిప్పు ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోవడం అందులో ఉంది.

నిప్పు నేరమైన రోజు

ఇంత కట్టుబాటు ఉన్న మనుషులకి ‘అడవి తగలబెట్టేవాళ్లు’ అనే పేరు ఎలా వచ్చింది?

1850ల తర్వాత రైల్వేలు వేయడానికి ఆంగ్లేయులకి లెక్కలేనంత కలప కావలసి వచ్చింది. 1864లో అటవీశాఖ పెట్టారు. డీట్రిచ్ బ్రాండిస్ అనే జర్మన్ దేశస్తుడు దాని మొదటి అధిపతి. అడవిలో నిప్పు అనేదే ఉండకూడదన్నది కొత్త శాఖ ఆలోచన. 1860ల్లో సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని బోరీ అడవిలో పియర్సన్ అనే అధికారి దీన్ని మొదట అమలు చేసి చూపించాడు. అది గోండులు, కోర్కులు ఉండే ప్రాంతం. అక్కడి నుంచి ఆ పద్ధతి దేశమంతా పాకింది.

1878 చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం వెంటనే ఒప్పుకోలేదు. తమ ప్రాంతంలో దాదాపు ప్రతి అడవి మీదా ఊళ్లవాళ్లకి వాడుక హక్కులు ఉన్నాయని అక్కడి అధికారులే రాశారు. అయినా 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. మన గూడెం, రంప కొండలు అప్పుడు మద్రాసు రాజధానిలోవే. తర్వాత 1927లో వచ్చిన భారత అటవీ చట్టంలోని 26వ సెక్షన్ చదవండి. రిజర్వు అడవిలో అధికారి ప్రకటించిన కాలంలో తప్ప నిప్పు రాజేయడం, ఉంచడం, పట్టుకుపోవడం నేరం. ఇంకో మాట కూడా ఉంది. నిప్పు ఎవరైనా కావాలని పెట్టినా, ఘోరమైన అజాగ్రత్త వల్ల పుట్టినా, ఆ అడవిలో మేత హక్కునీ, అటవీ ఫలసాయం హక్కునీ ప్రభుత్వం ఆపేయవచ్చు. అంటే ఒక్కడి తప్పుకి ఊరంతా ఆకలితో ఉండాలి. అదే చట్టంలోని 79వ సెక్షన్ ప్రకారం, అడవి అంటుకుంటే ఆర్పడానికి అక్కడ హక్కులున్నవాళ్లు సాయపడాలి. నిప్పు మనది కాదు, ఆర్పే పని మాత్రం మనది.

ఆలోచించండి. రాత్రి అడవిలో ఉండిపోయినవాడికి నెగడే తలుపు, నెగడే దుప్పటి. పంటకి కాపలా కాసేవాడికి మంచె కింది మంటే అడవిపంది నుంచి కాపు. నిప్పు పట్టుకోవద్దంటే అడవిలో బతకొద్దని చెప్పినట్టే.

1922లో మన కొండలు ఎందుకు తిరగబడ్డాయో మీకు తెలుసు. పోడు మీద ఆంక్షలు, అటవీశాఖ నిబంధనలు, రోడ్డు పనుల్లో వెట్టి. ఆ ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను అల్లూరి సీతారామరాజు, గాం సోదరులు, వాళ్ల వెంట నడిచిన మన పెద్దలు ముట్టడించారు. గోదావరి అవతల నిజాం రాజ్యంలోనూ రిజర్వు గీతలే గోండుల్ని ఊళ్లనుంచి వెళ్లగొట్టాయి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ ప్రాణమిచ్చింది భూమి, అడవి, నీరు కోసం. ఆ రెండు పోరాటాల్నీ ఒక్క నిప్పు నిషేధంతో ముడిపెట్టడం సరికాదు. కానీ అడవిలో మనం చేసే ప్రతి పనినీ నేరంగా రాసిన చట్టంలో నిప్పు కూడా ఒక సెక్షన్ అని మరిచిపోకూడదు.

మరి నిప్పే లేకుండా చేస్తే అడవి బాగుపడిందా? ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే అటవీ అధికారులకి అనుమానం వచ్చింది. నిప్పు తగలకుండా కాపాడిన బర్మా టేకు అడవుల్లో, బెంగాల్, అస్సాం సాల్ అడవుల్లో కొత్త మొక్కలు రావడం తగ్గిపోయింది. చివరికి కొన్నిచోట్ల ఆ నిషేధం వాళ్లే ఎత్తేశారు. సీజన్ ముందే, చెమ్మ ఉండగానే, కాపలా పెట్టి చిన్నగా కాల్చడం మొదలుపెట్టారు. చిన్న నిప్పు, సరైన వేళ, చూసే మనిషి. మా తాత చెప్పింది ఇదే.

మన వైపు తప్పు లేదా?

ఉంది. నింద అబద్ధమని చెప్పుకునే ముందు నిజం కూడా చెప్పుకోవాలి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు అంటించి వదిలేసి వస్తాం. తునికాకు లేత చిగురు వేయాలని పొదలు కాలుస్తాం. ఎండాకాలంలో ఆ మంట గాలితో కొండెక్కుతుంది. పెద్దల కట్టుబాటులో చూసేవాడు లేకుండా మంట లేదు. మనం మంటని ఉంచుకుని కట్టుబాటుని వదిలేశాం. ఇప్పచెట్టు కింద చీపురుతో ఊడ్చినా, పాత చీరలు పరిచినా పువ్వు శుభ్రంగా వస్తుంది, ధర కూడా ఎక్కువ పలుకుతుంది.

ఇక నా తప్పు.

కొన్నేళ్ల కిందట నేను వార్డెన్‌గా ఉన్న ఒక హాస్టల్లో భోగికి ముందు రాత్రి పిల్లలు మంట అడిగారు. ఇళ్లకి వెళ్లలేకపోయిన పిల్లలు వాళ్లు. సరేనన్నాను. చోటు ఊడ్పించాను, బక్కెట్లతో నీళ్లు పెట్టించాను, ధింసా ఆడుతున్నంతసేపూ అక్కడే ఉన్నాను. అంతా నోటుపుస్తకంలో రాసుకున్నట్టే. పది గంటలకి పిల్లల్ని లోపలికి పంపాను. చలిలో నీళ్లు తోడి పోయడం ఎందుకని, పారతో మట్టి కప్పించాను. పొగ రాలేదు. ఆరిపోయిందనుకున్నాను.

తెల్లవారి నీళ్ల కోసం వెళ్తూ ఆరో తరగతి పాప ఒట్టికాళ్లతో ఆ మట్టి మీద కాలు పెట్టింది.

ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. కుళాయి నీళ్ల కింద కాలు పెట్టించి, తడిగుడ్డ చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాను. అరికాలు మానడానికి వారాలు పట్టింది. వాళ్ల అమ్మ కొండ దిగి వచ్చి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బిడ్డ కాలు చూసి, నా వైపు చూసి, “మేడం, కప్పితే నిప్పు సావదు గదా” అంది. మా నాయనమ్మ మాటే. పొయ్యి మీద రోజూ బూడిద కప్పి నిప్పుని తెల్లారేదాకా బతికించిన ఇంట్లో పెరిగినదాన్ని నేను. అదే పనిని పార చేతికిచ్చి చేయించి, నిప్పు చచ్చిందనుకున్నాను. చదువు నాకు ఒక జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో ‘పూర్తిగా చల్లార్చాలి’ అని ఉంది. ఎలా ఆర్పితే నిజంగా ఆరుతుందో మా ఇంట్లోనే ఉంది, నేను అడగలేదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

2006 అటవీ హక్కుల చట్టం సామాజిక అటవీ వనరుల్ని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కుని మనకి రాసిచ్చింది. అడవిని కాపాడే బాధ్యతనీ, అధికారాన్నీ గ్రామసభకి ఇచ్చింది. మరోవైపు రిజర్వు అడవిలో నిప్పు మీద నిషేధం అలాగే ఉంది. ఎక్కడ అడవి అంటుకున్నా ఉపగ్రహాలు పసిగడుతున్నాయి. భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఆ హెచ్చరికలు పంపుతోంది. నిప్పు విషయంలో మన మాట చెల్లాలంటే, ముందు మన కట్టుబాటు మనకి తెలిసి ఉండాలి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పండగలకీ, సంఘం సమావేశాలకీ మీరు నెగడు వేసేటప్పుడు ఇవి పాటించండి.

రిజర్వు అడవిలో వేయకండి. ఊళ్లో, ఇళ్లకి దూరంగా, ఊడ్చిన నేల మీద వేయండి. మాఘం దాటి గాలులు మొదలయ్యాక అసలు వద్దు.

టైరు, ప్లాస్టిక్, పెట్రోలు మంటలోకి రానీయకండి. పెట్రోలు ఆవిరి మనిషి చెయ్యి వెనక్కి తీసుకునే లోపలే అంటుకుంటుంది. నైలాన్ చున్నీలు, జారే శాలువాలు నడుముకి బిగించండి. బట్ట అంటుకుంటే పరిగెత్తకూడదు, నేల మీద పడి దొర్లాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు మామూలు నీళ్లు పోయండి. పేస్టు, సిరా పూయకండి. 108కి ఫోన్ చేయండి.

చలి ఎంత ఉన్నా బొగ్గుల కుంపటిని తలుపులు మూసిన గదిలో పెట్టుకుని పడుకోకండి. దాని నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎవరు మెలకువగా ఉంటారో ముందే పేరు చెప్పుకోండి. చివర్లో నీళ్లు పోయండి, కర్రతో కలపండి, మళ్లీ పోయండి. బూడిద దగ్గరికి చెయ్యి పెడితే వేడి తగలకూడదు. అప్పుడే అది ఆరినట్టు. మట్టి కప్పడం నిప్పుని దాచుకోవడానికి, ఆర్పడానికి కాదు.

ఇంకొక్క పని. ఈ సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ తాతనో, అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని, నిప్పుని ఎలా పుట్టించేవారో, ఎలా దాచేవారో, ఎలా ఆర్పేవారో అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. మీ ఊళ్లో దేనికి ఏ పేరు వాడతారో అలాగే రాయండి. నేను అడగాల్సిన రోజుల్లో అడగలేదు. దాని ఖరీదు ఒక పసిపాప కట్టింది. ఆ పాప ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. పోయిన సంక్రాంతికి మా హాస్టల్‌కి వచ్చి, పిల్లలతో మంట తనే వేయించింది. అందరూ లేచాక రెండు బక్కెట్ల నీళ్లు పోసి, కర్రతో కలిపి, వంగి అరచెయ్యి పెట్టి చూసింది. “ఇప్పుడు ఆరింది మేడం” అంది.

జోహార్.